జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ రెట్రోస్పెక్టివ్‌లో (అంటే ఒక ఆర్టిస్టు ఇన్నేళ్ళ పనిని ఒకచోట చూపే ప్రదర్శనలో) బొమ్మలన్నీ వేర్వేరు ఆర్టిస్టులు వేసినట్టు ఎందుకుంటాయి?

ఆయన ఏ ఒక్క స్టైల్‌కీ కట్టుబడలేదు కాబట్టి. 1932లో డ్రెస్డెన్‌లో పుట్టాడు, చిన్నప్పుడు నాజీల పాలన, తర్వాత తూర్పు జర్మనీలో కమ్యూనిస్టులకి నచ్చే గోడ బొమ్మలు, 1961లో బెర్లిన్ గోడ లేవడానికి కొన్ని నెలల ముందు పశ్చిమానికి వచ్చేసి డ్యూసెల్‌డార్ఫ్‌లో మళ్ళీ స్టూడెంట్‌గా చేరాడు. ఇవన్నీ చూశాక ఏ సిద్ధాంతాన్నీ నమ్మబుద్ధి కాలేదేమో అని నాకనిపిస్తుంది.

అక్కడ ఫొటోలు చూసి అచ్చు అలాగే పెయింట్ చేసి, రంగు ఆరకముందే బ్రష్‌తో మసక చేసేవాడు. 1965లో నాజీ యూనిఫాంలో నవ్వుతున్న మేనమామ రూడీని వేశాడు, అదే ఏడాది నాజీలు మానసిక రోగి అని చంపేసిన పిన్ని మరియానెని కూడా వేశాడు, ఒకే ఇంట్లో ఇద్దరూ! నన్నడిగితే ఈ రెండూ చాలు ఆయన ఎవరో తెలియడానికి.

తర్వాత షాపుల్లో రంగుల నమూనా కార్డుల్లాంటి కలర్ చార్టులు, పొడవాటి స్క్వీజీతో (రంగుని లాగే చదునైన పట్టీ) రంగులు లాగి చెరిపేసే ఆబ్‌స్ట్రాక్ట్‌లు (ఏ ఆకారమూ లేని బొమ్మలు), 2007లో కొలోన్ కెథెడ్రల్ అద్దాల కిటికీ. అందుకే 2002లో న్యూయార్క్ మోమా మ్యూజియంలో, 2011లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో పెట్టిన రెట్రోస్పెక్టివ్‌లు గది గదికీ మారిపోయాయి. 2020 మార్చిలో న్యూయార్క్‌లోని మెట్ బ్రాయర్ మ్యూజియంలో పెట్టిందైతే పాపం కోవిడ్ వల్ల కొద్ది రోజులకే మూసేశారు.