సర్వీసు ఆగిపోతే తప్పు ఎవరిదో ఎలా తేలుతుంది?

క్లౌడ్‌లో సర్వీసు ఆగినా, డేటా పోయినా తప్పు ప్రొవైడర్‌దా (సర్వీసు ఇచ్చే కంపెనీ), క్లయింట్‌దా (దాన్ని వాడుకునేవాళ్ళు) అన్నది ప్రశ్న. ఒప్పందంలో సర్వీసు 99.9 శాతం సమయం నడుస్తుందని ఉంటే, 30 రోజుల నెలలో సుమారు 43 నిమిషాలు ఆగినా ప్రొవైడర్ మాట తప్పినట్టు కాదు. కానీ లాగ్ (ఎప్పుడు ఏం జరిగిందో రాసి ఉంచే రికార్డు) అంతా ప్రొవైడర్ దగ్గరే ఉంటే వాళ్ళు చెప్పిందే నమ్మాలి, ఇది నిజంగా అన్యాయం.

అందుకే అభ్యర్థన మీద క్లయింట్, జవాబు మీద ప్రొవైడర్ డిజిటల్ సంతకం (పంపింది ఎవరో, అందులో ఏదీ మారలేదని రుజువు చేసే కోడ్) చేయాలి. లాగ్‌లో ప్రతి ఎంట్రీకీ దాని ముందున్న ఎంట్రీ హ్యాష్‌ను (ఆ ఎంట్రీ నుంచి లెక్కకట్టే, అది కాస్త మారినా మారిపోయే చిన్న కోడ్) కలిపి, చివరి హ్యాష్‌ను ఎప్పటికప్పుడు అవతలివాళ్ళకు ఇవ్వాలి. అప్పుడు ఒక్క లైను మార్చినా దొరికిపోతుంది. ‘నేను డిలీట్ చేయమనలేదు’ అని క్లయింట్ కూడా తప్పించుకోలేడు.

జవాబే రాకపోతే మాత్రం కష్టం. నెట్‌వర్క్ పోయిందా, వాళ్ళు పట్టించుకోలేదా అన్నది సంతకాలతో తేలదు. దానికి ఇద్దరికీ సంబంధం లేని మూడో చోటు నుంచి సర్వీసు నడుస్తోందా లేదా అన్న కొలతలు పెట్టించుకోండి.