మినాండర్ వెండి ద్రాక్మా అసలుదో కాదో ఎలా తేల్చుకోవాలి?

ఆన్‌లైన్‌లో మినాండర్ వెండి నాణెం కనిపించింది, కొనొచ్చా అని అడిగారు. ముందు తూకం, రెండు వైపుల ఫొటోలు, అంచు ఫొటో అడగండి. అంచు చూపించనంటే ఆ బేరం వదిలేయండి.

మిళిందపన్హ అనే పాళీ బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువును ప్రశ్నలడిగిన మిళిందుడే ఈ మినాండర్ రాజు. క్రీ.పూ. 155–130 ప్రాంతంలో ఏలాడు. వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు (ఇండో-గ్రీకు) రాజుల్లో ఇతని వెండి నాణేలే బాగా ఎక్కువగా దొరుకుతాయి, నకిలీలూ అందుకు తగ్గట్టే ఉన్నాయి.

ద్రాక్మా అనే ఈ చిన్న వెండి నాణెం సుమారు 2.45 గ్రాములు, అడ్డం 16–18 మి.మీ. అరిగితే కాస్త తగ్గుతుంది. 3 గ్రాములు దాటిందంటే అనుమానించాల్సిందే.

అసలు పరీక్ష వెనక వైపు. రాజు ముఖం మీద పెట్టిన శ్రద్ధ నకిలీ చేసేవాళ్ళు అటు పెట్టరు. పిడుగు విసరబోతూ, డాలు పట్టుకుని నిలబడ్డ గ్రీకు దేవత అథీనా చుట్టూ ఖరోష్ఠి అనే ప్రాచీన లిపిలో 'మహరజస త్రతరస మెనంద్రస' అని ఉంటుంది, కుడి నుంచి ఎడమకు చదవాలి. ఆ లిపిలో దీర్ఘాలు రాయరు కాబట్టి 'మహారాజ' ఇలా కనిపిస్తుంది. ఖరోష్ఠి రాకపోయినా ఒకటి చూడొచ్చు. మూడు పదాలూ 'స'తోనే ముగుస్తాయి, అంటే ఒకే అక్షరం మూడు చోట్ల ఒకేలా కనబడాలి. పది రెట్ల భూతద్దంలో మూడూ మూడు రకాలుగా ఉంటే నాకైతే అక్కడితో నమ్మకం పోతుంది.

అంచు చుట్టూ సన్నటి గీత, గుంటల్లో సూదిమొన బుడగలు ఉంటే అది కరిగించి అచ్చులో పోసిన నాణెం, అంటే నకిలీ. బొమ్మ పక్కకు జరగడం, అంచు చీలడం దోషం కాదు, సుత్తి దెబ్బతో కొట్టిన నాణేలకు అది మామూలే.

లోహం చూడాలంటే దారంతో నీటిలో వేలాడదీసి తూయండి. 2.45 గ్రాముల మంచి వెండి నీటిలో 0.24 గ్రాముల దాకా తగ్గుతుంది. బరువును ఆ తగ్గుదలతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 0.01 గ్రాము కాటా దీనికి చాలదు. తగ్గుదల 0.24 బదులు 0.25 అని చూపితే చాలు, 10.2 రావలసిన సాంద్రత 9.8కి పడిపోతుంది. 0.001 గ్రాము కాటా ఉంటేనే చేయండి.

చింతపండు, టూత్‌పేస్టు దగ్గరికి రానివ్వకండి. పాత వెండి లోపల పెళుసెక్కి ఉంటుంది, గట్టిగా రుద్దితే విరుగుతుంది కూడా. అమెరికాలో ఉన్న పిల్లలకు కానుకగా పంపుదామనుకుంటే కుదరదు: వందేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కిందకు వస్తుంది, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు.