వీఆర్ హెడ్‌సెట్‌తో రేసింగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సిమ్ రేసింగ్ (నిజం కార్ల తీరును అనుకరించే కంప్యూటర్ రేసు ఆటలు) మీద ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఏ హెడ్‌సెట్ కొనాలన్నవే. పెట్టె మీద రాసిన రిజల్యూషన్ తర్వాత చూడొచ్చు. మీ కంప్యూటర్ ఒక్కో ఫ్రేమును (కదిలే దృశ్యంలో ఒక్కో బొమ్మను) ఎన్ని మిల్లీసెకన్లలో గీయగలదన్నది ముందు తేల్చుకోవాలి. అది తెలిస్తే కింది ప్రశ్నల్లో సగానికి జవాబు దొరికినట్టే.

ప్రశ్న (విజయవాడ): ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు, మంచి స్టీరింగ్, పెడల్స్ ఉన్నాయి. మూడు మానిటర్లు కొనాలా, హెడ్‌సెట్ కొనాలా? మెటా క్వెస్ట్ 3 సరిపోతుందా, పైమాక్స్ క్రిస్టల్ లైట్ హెడ్‌సెట్ దాకా వెళ్లాలా?

జవాబు: మీ రేసులు ఎంతసేపు సాగుతాయో దాన్ని బట్టి తేల్చుకోండి. ఇరవై నుంచి నలభై నిమిషాల రేసులైతే హెడ్‌సెట్టే. పక్క కారుకీ మీ కారుకీ మధ్య ఎంత జాగా ఉందో కంటితో కొలవగలుగుతారు, మలుపులోకి తల తిప్పి చూడగలుగుతారు. బెల్జియంలోని స్పా సర్క్యూట్‌లో 'ఓ రూజ్' అనే మలుపు దగ్గర ఎక్కుడు ఎంత నిటారుగా ఉంటుందో చదునైన తెర మీద ఎన్నాళ్లు నడిపినా తెలియదు. రెండు మూడు గంటల ఎండ్యూరెన్స్ రేసులు ఎక్కువగా ఆడేవారికి మాత్రం మానిటర్లే మేలు. మెడకు బరువుండదు, మంచినీళ్ల సీసా ఎక్కడుందో కనిపిస్తుంది.

ఇక లెక్క చూద్దాం. 2560×1440 మానిటర్లు మూడు కలిపితే సుమారు 1 కోటి 10 లక్షల పిక్సెళ్లు. క్వెస్ట్ 3లో కంటికి 2064×2208, అంటే రెండు కళ్లకూ 91 లక్షలు. క్రిస్టల్ లైట్‌లో కంటికి 2880×2880, మొత్తం 1 కోటి 66 లక్షలు. దీని మీద ఇంకో భారం ఉంది. లెన్స్ బొమ్మను వంచుతుంది కాబట్టి, ఆ వంపును సరిచేయడానికి ప్యానెల్‌లో ఉన్నవాటి కంటే ఎక్కువ పిక్సెళ్లు గీయాల్సి వస్తుంది. మానిటర్ మీద అప్పుడప్పుడూ ఫ్రేమ్‌లు తగ్గినా సర్దుకుపోతాం. హెడ్‌సెట్‌లో 90 హెర్ట్జ్ (సెకనుకు 90 ఫ్రేములు) అంటే ప్రతి ఫ్రేమూ 11.1 మిల్లీసెకన్లలో రావాల్సిందే. తప్పితే వెంటనే కంటికి తెలుస్తుంది.

4070తో క్రిస్టల్ లైట్ నడపాలంటే ఐరేసింగ్, ఆటోమొబిలిస్టా 2 లాంటి ఆటల్లో కూడా సెట్టింగులు బాగా దించాలి. కార్డును బాగా శ్రమపెట్టే అన్‌రియల్ గేమ్ ఇంజిన్ మీద కట్టిన అసెట్టో కోర్సా కాంపిటీజియోనె అయితే ఆ హెడ్‌సెట్ నిండు రిజల్యూషన్‌లో ఆశ వదులుకోవాల్సిందే. మీ కార్డుకు క్వెస్ట్ 3 సరైన జోడి. దాని స్పష్టత డిగ్రీకి సుమారు 25 పిక్సెళ్లు, క్రిస్టల్ లైట్‌ది 35. దూరపు బ్రేకింగ్ బోర్డు మీద అంకె చదవడంలో ఆ తేడా కనిపిస్తుంది. కార్డు మార్చినప్పుడు హెడ్‌సెట్ మార్చండి, ముందు కాదు.

తక్కువ ధరలో వస్తుందని క్వెస్ట్ 3ఎస్ తీసుకునేవారికి ఒక మాట. రెండింటిలోనూ చిప్ ఒకటే కానీ 3ఎస్‌లో పాతరకం ఫ్రెనెల్ లెన్సులు, కంటికి 1832×1920 పిక్సెళ్లు. ఫ్రెనెల్‌లో మధ్యభాగం బాగున్నా అంచులు మసకబారతాయి. రేసులో కారు అద్దాల వైపు, డాష్‌బోర్డు వైపు తల తిప్పకుండా కంటి కొసతోనే చూస్తాం. అక్కడే క్వెస్ట్ 3లోని, అంచుల దాకా స్పష్టంగా చూపే పాన్‌కేక్ లెన్సులు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి.

ప్రశ్న (హనుమకొండ): క్వెస్ట్ 3ని కేబుల్‌తో కలిపాను. ఒంటరిగా ప్రాక్టీస్ చేస్తే హాయిగా నడుస్తోంది. రేసు మొదలవగానే కుదుపులు. చెట్లు, కంకర ఉన్నచోట బొమ్మంతా చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది. కార్డు చాలడం లేదా?

జవాబు: మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. రెండింటికీ మందు ఒకటి కాదు.

కుదుపుల సంగతి. ఒంటరిగా ఉన్నప్పుడు రాక, ముప్ఫై కార్లు చేరగానే వస్తున్నాయంటే అనుమానం ప్రాసెసర్ మీదే. నిర్ధారించుకోవడానికి రిజల్యూషన్‌ను 70 శాతానికి దించి అదే రేసు మళ్లీ మొదలుపెట్టండి. కుదుపు పోతే కార్డు చాలడం లేదని అర్థం. అలాగే ఉంటే ప్రాసెసర్ చాలడం లేదు, అప్పుడు రిజల్యూషన్ దించి లాభం లేదు. కనిపించే కార్ల సంఖ్య, అద్దాలు, కదిలే నీడలు తగ్గించాలి. ముఖ్యంగా అద్దాలు. ఒక్కో అద్దం కోసం దృశ్యాన్ని మళ్లీ మొదటినుంచి గీయాలి. రెండు అద్దాలు తగ్గించుకుంటే ఎంత ఊపిరి వస్తుందో చూడండి.

తర్వాత 90 హెర్ట్జ్ నుంచి 72కి దించండి. ఫ్రేముకు 11.1 బదులు 13.9 మిల్లీసెకన్ల వ్యవధి దొరుకుతుంది. ఊగిసలాడే 90 కంటే నిలకడగా ఉండే 72 వెయ్యి రెట్లు మేలు. క్వెస్ట్‌ను కంప్యూటర్‌కు కలిపే మెటా సాఫ్ట్‌వేర్ 'లింక్'లో ఫ్రేములు అందకపోతే ఏఎస్‌డబ్ల్యూ అనే ఏర్పాటు రేటును సగానికి తగ్గించి, మధ్య ఫ్రేములను ఊహించి వేస్తుంది. కంచె స్తంభాలు, స్టీరింగ్ అంచులు నీళ్లలో ఉన్నట్టు వంకర్లు పోవడం దానివల్లే. కంట్రోల్ మీటతో పాటు కీబోర్డు కుడివైపు అంకెల్లో 1 నొక్కితే అది ఆగుతుంది.

చుక్కల సంగతి వేరు. క్వెస్ట్‌కు డిస్‌ప్లేపోర్ట్ (కార్డు నుంచి బొమ్మ నేరుగా వచ్చే దారి) లేదు. కంప్యూటర్ బొమ్మను వీడియోగా కుదించి పంపుతుంది, హెడ్‌సెట్ విప్పుకుంటుంది. ఆకులు, కంకర, గడ్డి కుదింపుకు లొంగవు. మెటా సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఓకులస్ డీబగ్ టూల్‌లో ఎన్‌కోడ్ బిట్‌రేట్‌ను (సెకనుకు పంపే డేటాను) 300 దగ్గర మొదలుపెట్టి, 50 చొప్పున పెంచుతూ 500 ఎంబీపీఎస్ దాకా వెళ్లండి. శబ్దం తెగడం, బొమ్మ ఆలస్యం కావడం మొదలైతే ఒక మెట్టు వెనక్కి రండి. కేబుల్‌ను మదర్‌బోర్డు వెనక ఉన్న యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టండి, క్యాబినెట్ ముందుభాగంలోనిదీ, హబ్బూ వద్దు. మామూలు పోర్టు ఇచ్చే కరెంటు హెడ్‌సెట్ వాడకానికి చాలదు. కేబుల్ ఉన్నా బ్యాటరీ మెల్లగా దిగుతుంటుంది. రేసుకు ముందు నిండుగా ఛార్జ్ చేసుకోండి, లేదా పక్కనుంచి ఛార్జర్ తగిలించే వీలున్న కేబుల్ కొనండి.

కేబుల్ వద్దనుకుంటే బొమ్మను వైఫై మీద పంపే వర్చువల్ డెస్క్‌టాప్ యాప్ వాడండి. కంప్యూటర్ నుంచి రూటర్‌కు మాత్రం తప్పనిసరిగా ఈథర్‌నెట్ తీగ ఉండాలి, రూటర్ అదే గదిలో ఉండాలి, హెడ్‌సెట్ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద ఉండాలి. ఇంట్లో అందరి ఫోన్లూ ఉన్న రూటర్ కాకుండా దీనికోసం విడిగా ఒకటి పెట్టుకుంటే తలనొప్పి తప్పుతుంది. ఆర్‌టీఎక్స్ 40 వరుస కార్డులు ఏవీ1 అనే వీడియో పద్ధతిలో కుదించగలవు, క్వెస్ట్ 3 విప్పగలదు. 200 ఎంబీపీఎస్‌లోనే చెట్లు బాగుపడతాయి. ఆటకూ హెడ్‌సెట్‌కూ మధ్య ఉమ్మడి భాష లాంటిది ఓపెన్‌ఎక్స్‌ఆర్. దాని రన్‌టైమ్‌గా (నడిపే సాఫ్ట్‌వేర్‌గా) వర్చువల్ డెస్క్‌టాప్‌లోని వీడీఎక్స్‌ఆర్ ఎంచుకోండి. అలా చేస్తే, ఓపెన్‌ఎక్స్‌ఆర్‌తో నడిచే ఆటలకు వాల్వ్ సంస్థ వీఆర్ సాఫ్ట్‌వేర్ స్టీమ్‌వీఆర్ మధ్యలో దూరి తినే సమయం మిగులుతుంది.

ప్రశ్న (నిజామాబాద్): ఐదు నిమిషాలకే కడుపులో తిప్పుతోంది. అలవాటవుతుందా?

జవాబు: చాలామందికి అవుతుంది, మొండిగా భరిస్తే మాత్రం కాదు. కారు వేగం పుంజుకుంటోందని కళ్లు చెబుతాయి, కదలికే లేదని లోపలి చెవి చెబుతుంది. ఆ తగవే వికారం. నుదుట చెమట, ఆవులింతలు మొదలవగానే ఆపేయండి. బలవంతంగా కొనసాగిస్తే మర్నాడు హెడ్‌సెట్ చేతిలోకి తీసుకోగానే వికారం వచ్చే దశకు చేరుతుంది.

పూట పూటకూ పది నిమిషాలు, వారం పది రోజులు. మాజ్దా ఎంఎక్స్-5 లాంటి నెమ్మది కారు, చదునైన ట్రాక్. కెమెరాను క్షితిజంతో కట్టేసే 'లాక్ టు హొరైజన్' సెట్టింగ్ ఆటలో ఉంటే పెట్టండి, తల ఊగే ఎఫెక్టులన్నీ సున్నా చేయండి. కారు గిర్రున తిరిగినప్పుడు, ఆట మిమ్మల్ని ఒక్కసారిగా పిట్‌లోకి (ట్రాక్ పక్క గ్యారేజీలోకి) మార్చినప్పుడు కళ్లు మూసుకోండి. రీప్లేలు హెడ్‌సెట్‌లో చూడకండి. ముఖానికి తగిలేలా ఫ్యాన్ పెట్టండి, అది నిజంగా పనిచేస్తుంది. పైన చెప్పిన కుదుపులు మీకూ ఉంటే ముందు అవి బాగుచేసుకోండి, వికారానికి వాటి వాటా పెద్దది.

కదిలే సీటు ఉన్నవారికి ఇంకో చిక్కు. సీటు వంగితే తల కూడా కదిలిందని హెడ్‌సెట్ అనుకుంటుంది, కారు లోపల మీ స్థానం జరిగిపోతుంది. సీటు కదలికను లెక్కలోంచి తీసేసే మోషన్ కంపెన్సేషన్ సాఫ్ట్‌వేర్ తప్పనిసరి.

ప్రశ్న (డాలస్): నా దగ్గర హెచ్‌పీ రివర్బ్ జీ2 ఉంది. విండోస్ 11ను 24హెచ్2 వెర్షన్‌కు మార్చవచ్చా?

జవాబు: తొందరపడి మార్చకండి. ఈ హెడ్‌సెట్ ఆధారపడిన విండోస్ మిక్స్‌డ్ రియాలిటీని ఆపేస్తున్నట్టు 2023 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 24హెచ్2లో అది పూర్తిగా తీసేశారు. దానికి ముందరి 23హెచ్2లో ఉండిపోతే పనిచేస్తుంది, అయితే హోమ్, ప్రో ఎడిషన్లకు ఆ వెర్షన్ మీద భద్రతా అప్‌డేట్లు 2025 నవంబర్‌తో ఆగాయి. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌ను అలా ఉంచడం మంచిది కాదు.

ఎన్‌విడియా కార్డు ఉంటే ఇంకో దారి ఉంది. ఒయాసిస్ అనే ఉచిత డ్రైవర్ స్టీమ్ ఆన్‌లైన్ దుకాణంలో దొరుకుతుంది, దానితో ఈ హెడ్‌సెట్లు నేరుగా స్టీమ్‌వీఆర్‌లో నడుస్తాయి. ఏఎండీ కార్డులకు అది పనికిరాదు. కంటికి 2160×2160 పిక్సెళ్లు, డిస్‌ప్లేపోర్ట్ తీగ, కుదింపు లేని బొమ్మ. ఇంత మంచి వస్తువు 2020లో వచ్చి, లెన్సు చెడకుండానే సాఫ్ట్‌వేర్ కారణంగా మూలపడాల్సి రావడం బాధాకరం. కొత్త హెడ్‌సెట్ కొనేటప్పుడు అది ఎవరి సాఫ్ట్‌వేర్ మీద బతుకుతోందో తప్పక అడగండి.

ప్రశ్న (విశాఖపట్నం): కళ్లద్దాలు ఉన్నాయి, చెమట ఎక్కువ. ఏం చేయాలి?

జవాబు: దూరంలోనివి చూడటానికి అద్దాలు వాడేవారికి హెడ్‌సెట్‌లోనూ అవసరమే. తెర కంటికి అంగుళాల దూరంలో ఉన్నా లెన్సులు దాన్ని మీటరు పైచిలుకు దూరంలో నిలబెడతాయి. కళ్లద్దాలు తగిలి హెడ్‌సెట్ లెన్సుల మీద గీత పడితే మళ్లీ పోదు. మీ పవర్‌తో చేయించిన లెన్సు ఇన్సర్టులు మేలు. ప్రిస్క్రిప్షన్‌లో కనుపాపల మధ్య దూరం కూడా మిల్లీమీటర్లలో రాయించుకుని, హెడ్‌సెట్‌లో అదే అంకె పెట్టండి.

నురుగు ప్యాడ్ తీసేసి కడగడానికి వీలున్న సిలికాన్‌ది వేయండి. లెన్సులను పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవండి, శానిటైజర్ వద్దు. కిటికీ దగ్గర ఎండ పడేచోట అసలు పెట్టవద్దు. లెన్సు భూతద్దంలా ఎండను కూడగట్టి లోపలి తెరను కాల్చేస్తుంది.

ప్రశ్న (బెంగళూరు): ఇప్పుడు కొనాలా, రాబోయేవాటి కోసం ఆగాలా?

జవాబు: కార్డు బలంగా ఉండి, ఈ ఏడాది ఆడాలని ఉంటే ఇప్పుడే కొనండి. ఆగేవారు ఏం చూడాలో చెబుతాం.

బరువు తగ్గుతోంది. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు, 2025లో వచ్చిన బిగ్‌స్క్రీన్ బియాండ్ 2 కేవలం 107. మైక్రో ఓఎల్ఈడీ తెరలు కాబట్టి రాత్రి రేసుల్లో నలుపు నిజంగా నలుపే. కానీ దానికి తల కదలికను గుర్తించడానికి గోడ మీద స్టీమ్‌వీఆర్ బేస్ స్టేషన్లు విడిగా కావాలి.

అసలైన మార్పు చూపును పసిగట్టే సెన్సర్లతో వస్తోంది. మన కంటికి రెండు డిగ్రీల మేరే అతి స్పష్టత. చూపు ఉన్నచోట నిండుగా, మిగతాచోట పలుచగా గీస్తే కార్డు భారం బాగా తగ్గుతుంది. ఇందులో క్వాడ్ వ్యూస్ పద్ధతి రెండు బొమ్మలకు బదులు నాలుగు గీయిస్తుంది. కార్డుకు సుఖం, ప్రాసెసర్‌కు అదనపు పని. ముప్ఫై కార్ల రేసులో ప్రాసెసరే ఉక్కిరిబిక్కిరవుతుంటే ఇది మేలు కంటే కీడే చేయొచ్చు. ప్రకటనల్లో ఈ మాట రాయరు.

2025 నవంబర్‌లో వాల్వ్ ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్ హెడ్‌సెట్‌లోనూ చూపు సెన్సర్లున్నాయి, కంటికి 2160×2160. దాని ఫోవియేటెడ్ స్ట్రీమింగ్ వేరే పని చేస్తుంది. గీయడంలో కాదు, పంపడంలో పొదుపు. చూపు ఉన్నచోటికి ఎక్కువ బిట్లు కేటాయిస్తుంది. ఆట దానికి ప్రత్యేకంగా సహకరించనక్కర్లేదు కాబట్టి పాత ఆటల్లోనూ చుక్కల బెడద తగ్గుతుంది, కానీ కార్డు భారం తగ్గదు.

సోనీ పీఎస్5 గేమింగ్ కన్సోల్ ఉన్నవారికి ఈ చర్చంతా అక్కర్లేదు. ఇద్దరు ఒకే తెర మీద ఆడే స్ప్లిట్ స్క్రీన్ తప్ప గ్రాన్ టురిస్మో 7 రేసులన్నీ సోనీ హెడ్‌సెట్ పీఎస్ వీఆర్2లో ఆడొచ్చు. అదే హెడ్‌సెట్‌ను అడాప్టర్‌తో కంప్యూటర్‌కు కలిపితే చూపు సెన్సర్లు, హెచ్‌డీఆర్, హెడ్‌సెట్ వైబ్రేషన్ పనిచేయవు. వాటికోసమే కొనేవారు ఈ సంగతి ముందే తెలుసుకుని కొనాలి.