ఎల్ఈడీ వేశాక బండికి పూనకం వచ్చిందా?

ప్రశ్న: సార్, నా కారుకి ముందూ వెనకా ఉన్న చిన్న బల్బులన్నీ పీకేసి ఎల్ఈడీలు వేసుకున్నా, నేనే వేశా, గంటలో పనైపోయింది. వెలుగు సూపర్. కానీ ఇప్పుడు ఇండికేటర్ వేస్తే టకటకటకమని డబుల్ స్పీడులో కొట్టుకుంటోంది, బ్రేక్ తొక్కితే మీటర్ లైట్లు వెలుగుతున్నాయి, లైట్లు ఆపేశాక కూడా నంబర్ ప్లేట్ బల్బు సన్నగా మిణుకుమంటోంది. వైరింగ్ మొత్తం పోయింది, మార్చాల్సిందే అంటున్నాడు మెకానిక్. నిజమేనా?

జవాబు: వైరింగ్ జోలికి అప్పుడే పోకండి. ముందు పాత బల్బులు పారేయలేదు కదా, అవి మళ్ళీ పెట్టి చూడండి, అన్నీ మామూలుగా పనిచేస్తే వైరింగ్ దాదాపు బాగున్నట్టే, పేచీ అంతా కొత్త బల్బుల దగ్గరే. నేనైతే ఇది చేయకుండా స్క్రూడ్రైవర్ కూడా ముట్టుకోను.

అసలు సంగతేంటంటే పాత బల్బులో ఉండే ఫిలమెంట్ వెలుగు ఇవ్వడంతో పాటు ఇంకో పని కూడా చేస్తుంటుంది, కరెంట్‌కి ఎర్త్ దాకా, అంటే బ్యాటరీ మైనస్‌కి కలిసే బండి బాడీ దాకా, ఈజీగా దారి ఇస్తుంది. బండి తయారుచేసినవాళ్ళు ఆ దారి ఉంటుందనే లెక్కతోనే సర్క్యూట్ గీస్తారు. 21 వాట్ల ఇండికేటర్ బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది, దాని ప్లేసులో పెట్టిన ఎల్ఈడీ అందులో చిన్న వంతు మాత్రమే లాగుతుంది. దాంతో ఫ్లాషర్‌కి, అంటే ఇండికేటర్‌ని కొట్టుకునేలా చేసే రిలేకి, ఒక బల్బు మాడిపోయిందని అనుమానం వస్తుంది, ఆ టకటక మీకు అదే చెబుతోంది, పాపం అది దాని డ్యూటీ చేస్తోంది. (బాగా పాత బండ్లలో వేడెక్కి తెగే రకం ఫ్లాషర్ ఉంటే ఇంకోలా ఉంటుంది, అసలు కొట్టుకోకుండా వెలిగి అలాగే నిలబడిపోతుంది.)

ఫ్లాషర్ రిలే విడిగా పీకేలా ఉంటే ఎల్ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ రిలే వేసేయండి, పిన్నుల వరస పాతదానితో సరిపోయిందో లేదో చూసుకోండి. కొత్త కార్లలో చాలావాటికి రిలే విడిగా ఉండదు, బాడీ కంట్రోల్ మాడ్యూలే (లైట్ల లాంటివి నడిపే చిన్న కంప్యూటర్) ఆ పని చూసుకుంటుంది, అప్పుడు లోడ్ రెసిస్టర్ (పాత బల్బంత కరెంట్ లాగి మాడ్యూల్‌ని నమ్మించేది) పెట్టాలి, ఇండికేటర్ వైరుకీ ఎర్త్‌కీ మధ్య, 6 ఓమ్‌లు 50 వాట్లది. ఇది పెట్టేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పొకటుంది, వైర్ల కట్టకే ట్యాగుతో కట్టేస్తారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వెలిగిన ప్రతిసారీ అది 30 వాట్ల పైనే వేడి కక్కుతుంది, హజార్డ్ లైట్లు వేసి కాసేపు వదిలేశారంటే చెయ్యి పెడితే కాలుతుంది, ప్లాస్టిక్‌కి తగిలితే కరుగుతుంది. ఖాళీ ఇనప రేకు చూసి స్క్రూలతో బిగించండి. కరెంట్ ఆదా అని ఎల్ఈడీ వేసి ఆ ఆదా అంతా రెసిస్టర్‌లో తగలబెట్టడం ఏంటని నవ్వొస్తుంది గానీ, ఏం చేస్తాం.

ఇక బ్రేక్ తొక్కితే మీటర్ లైట్లు రావడం, నాకు ఇదే అసలైన గొడవ. వెనక బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, 21 వాట్లది బ్రేక్‌కి, 5 వాట్లది పార్కింగ్‌కి, రెంటికీ ఎర్త్ ఒకటే. నాసిరకం ఎల్ఈడీల్లో ఈ రెండు లైన్లనీ లోపల సరిగ్గా విడదీయరు, దాంతో బ్రేక్ కరెంట్ బల్బులోంచి వెనక్కి తిరిగి పార్కింగ్ లైన్లోకి దూరిపోతుంది, ఆ లైన్ మీదే మీటర్ లైట్లు కూడా ఉంటాయి కాబట్టి అవి వెలుగుతాయి. ఒకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమని చెప్పి వెనక బల్బులు ఒక్కోటి పీకుతూ రండి, ఏది తీస్తే మీటర్ చీకటవుతుందో దొంగ అదే. రెండు కాంటాక్టుల హోల్డర్‌లో ఒక కాంటాక్టు బల్బు బలవంతంగా తోసినా అచ్చం ఇలాగే అవుతుంది, అదీ చూడండి.

పాత బల్బులు పెట్టినా ఇలాగే ఉంటే మాత్రం హోల్డర్ ఎర్త్ తుప్పు పట్టి ఉంటుంది. దీన్ని మల్టీమీటర్‌తో ఊరికే వోల్టులు చూసి తేల్చలేరు, తుప్పు పట్టిన వైరు కూడా బల్బేదీ కరెంట్ లాగనప్పుడు 12 చూపించి మోసం చేస్తుంది. ఫిలమెంట్ బల్బు వెలుగుతుండగా హోల్డర్ ఎర్త్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలవండి, 0.2 వోల్టులు దాటితే ఎర్త్ గీకి శుభ్రం చేయాల్సిందే.

నంబర్ ప్లేట్ బల్బుకి కంగారక్కర్లేదు. బల్బు బతికుందో లేదో అని మాడ్యూల్ చిన్న చిన్న పల్సులు పంపుతుంటుంది, ఫిలమెంట్‌కి అవి చాలవు, ఎల్ఈడీకి చాలు. క్యాన్‌బస్ రకం బల్బు (ఇలా పరీక్షించే కార్ల కోసం చేసిన ఎల్ఈడీ) వేస్తే చాలావరకు పోతుంది.

ప్రశ్న: అన్నా, నా బైక్‌కి నాలుగు ఇండికేటర్లూ ఎల్ఈడీవే వేశా, రిలే కూడా మార్చా. ఎడమకి వేసినా కుడికి వేసినా నాలుగూ కలిసి కొట్టుకుంటున్నాయి!

జవాబు: తమ్ముడూ, మీ మీటర్లో రెండు వైపులకీ కలిపి ఒకటే ఇండికేటర్ దీపం ఉందేమో చూడు. ఉంటే దాని ఒక కాలు ఎడమ లైన్‌కి, ఇంకో కాలు కుడి లైన్‌కి వెళ్తుంది. ఎడమ వేస్తే ఆ దీపంలోంచి వచ్చే కాస్త కరెంట్ కుడివైపు బల్బుల గుండా ఎర్త్‌కి పోవాలి. పాత బల్బులు ఆ కాస్త కరెంట్‌కి కళ్ళు తెరవవు, ఎల్ఈడీలు తెరిచేస్తాయి. ఆ దీపం రెండు వైర్లూ విప్పి, ఒక్కో వైరుకి 1ఎన్ 4007 డయోడ్ (కరెంట్‌ని ఒకవైపే పోనిచ్చేది) ఒకటి పెట్టు, తెల్ల గీత ఉన్న చివరలు రెండూ కలిపి దీపం ఒక కాలికి ఇచ్చి, రెండో కాలు ఎర్త్‌కి ఇచ్చెయ్. మీటర్ దీపం కూడా ఎల్ఈడీ అయితే ప్లస్ మైనస్ తిరగబడితే వెలగదు, తిప్పి పెడితే సరి. అతుకుల మీద టేప్ వద్దు, వానకి ఊడిపోతుంది, స్లీవ్ వెయ్.