మొదటిది సిజేరియన్.. హిప్నోబర్తింగ్‌తో ఈసారి సాధారణ కాన్పు సాధ్యమేనా?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. ఇప్పుడు ఏడో నెల. మూడేళ్ల క్రితం మొదటి కాన్పులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని సిజేరియన్ చేశారు. ఈసారి సాధారణ కాన్పు కావాలని నా కోరిక. హిప్నోబర్తింగ్ సాధన చేస్తే నొప్పి తెలియకుండా సహజంగా ప్రసవం అవుతుందని విన్నాను. అది నిజమేనా? పాత కుట్లకు ప్రమాదమేమీ ఉండదా?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరంలో రెండు విషయాలున్నాయి. సిజేరియన్ తర్వాత సాధారణ కాన్పుకు ప్రయత్నించవచ్చా లేదా అన్నది మీ గర్భసంచి మీద పడిన కోతను బట్టి తేలుతుంది. హిప్నోబర్తింగ్‌లో నేర్పే హిప్నాసిస్ పని చేసేది మీ భయం మీద, నొప్పిని మీరు తట్టుకునే తీరు మీద. ఈ రెంటినీ విడివిడిగా చూడండి.

ముందుగా కోత సంగతి. పొట్ట మీద చర్మానికి అడ్డంగా కుట్లున్నంత మాత్రాన లోపల గర్భసంచికి కూడా అడ్డంగానే కోత పెట్టారని అనుకోవడానికి వీల్లేదు. అందువల్ల పాత డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ వివరాల కాగితం వెతికి తీసి మీ డాక్టర్‌కు చూపించండి. లేకపోతే అప్పటి ఆసుపత్రిని అడిగి నకలు తెచ్చుకోండి. అందులో గర్భసంచి కింది భాగంలో అడ్డకోత, అంటే లోయర్ సెగ్మెంట్ అని రాసి ఉంటే సాధారణ కాన్పుకు ప్రయత్నించే వీలుంటుంది. పైభాగం దాకా నిలువుగా కోసినా, మునుపు గర్భసంచి చిట్లినా, ఈసారి మాయ కిందికి వచ్చి గర్భాశయ ముఖద్వారాన్ని కప్పేసినా ఆ ఆలోచన మానుకోవాలి. అడ్డకోత ఒక్కటే ఉన్నవారిలో నూటికి 72 నుంచి 75 మందికి సాధారణ కాన్పు అవుతోంది. మీకు మొదటిసారి ఆపరేషన్ చేసింది బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నందుకే కాబట్టి, ఈసారి తల కిందికి ఉంటే ఆ కారణమే ఉండదు. మధ్యలో మూడేళ్ల ఎడం ఉండటమూ మంచిదే. అయినా నొప్పులు పడుతున్నప్పుడు పాత కుట్ల దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. అరుదే గాని, జరిగితే నిమిషాల మీద ఆపరేషన్ చేయాల్సి వస్తుంది, బిడ్డ ప్రాణానికీ తల్లి ప్రాణానికీ ముప్పు ఉంటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ముహూర్తం చూసి కోత పెట్టించుకునే కుటుంబాలు ఉన్న చోట, మీరు సాధారణ కాన్పు కోసం ఇంత ఆలోచించి అడగడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. సిజేరియన్లు పెరిగేకొద్దీ తర్వాతి గర్భంలో మాయ పాత కోత మీద అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది కనుక, ఇంకా పిల్లలు కావాలనుకునేవారికి ఈ ప్రయత్నం మరింత విలువైనది.

ఇక హిప్నాసిస్. ఇది నిద్ర కాదు, ఒకరి వశంలోకి వెళ్లడమూ కాదు. శరీరాన్ని వదులుగా ఉంచి, మనసును ఒకే ఊహ మీదో, శ్వాస మీదో నిలిపే సాధన. భయపడితే ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. ఆ వరుసను తెంచడమే దీని ఉద్దేశం. దీనిపై జరిగిన అధ్యయనాల ఫలితాలు మాత్రం ప్రచారంలో ఉన్నంత గొప్పగా లేవు. డెన్మార్క్‌లో 1,200 మందికి పైగా తొలిచూలు గర్భిణులపై జరిగిన పరిశోధనలో స్వీయ హిప్నాసిస్ నేర్చుకున్నవారు కూడా మిగతావారితో సమానంగానే ఎపిడ్యూరల్, అంటే నొప్పి తగ్గేందుకు వెన్ను దగ్గర ఇచ్చే మత్తుమందు తీసుకున్నారు. బ్రిటన్‌లో 680 మందిపై జరిగిన అధ్యయనంలోనూ అదే తేలింది, కాకపోతే అక్కడ సాధన చేసినవారికి కాన్పు తాము ఊహించినంత భయంగా అనిపించలేదు. సాధారణ కాన్పు అయ్యే అవకాశాన్ని హిప్నాసిస్ పెంచుతుందని రుజువు కాలేదు. అందుచేత నొప్పే తెలియదని ఎవరైనా హామీ ఇచ్చి వేలకు వేలు ఫీజు అడిగితే నమ్మకండి. మొదటి కాన్పు భయం ఇంకా వెంటాడుతున్నవారికి ఇది మేలు చేస్తుందనే నా అభిప్రాయం, ఆ మేలు చిన్నదేమీ కాదు.

సాధన ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. రోజూ ఇరవై నిమిషాలు ఎడమ పక్కకు తిరిగి పడుకుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఎనిమిది అంకెల దాకా మెల్లగా వదలండి. దవడ, భుజాలు, పిడికిళ్లు వదులు చేయండి. చల్లని నీళ్లలో ముంచిన చేయి మొద్దుబారినట్టు ఊహించుకుని, ఆ చేతిని పొత్తికడుపు మీద ఉంచి ఆ మొద్దుదనం అక్కడికి పాకుతున్నట్టు భావించండి. మీవారు భుజం మీద చేయి వేయగానే శ్వాస నెమ్మదించేలా అలవాటు చేసుకుంటే నొప్పుల గదిలో ఆ స్పర్శే గుర్తుచేస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తోడుగా ఒకరు ఉండేందుకు కేంద్రం 2016లోనే అనుమతించింది. మీ ఆసుపత్రిలో ఎవరిని ఉండనిస్తారో ముందే కనుక్కోండి. తీవ్రమైన మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు మాత్రం మానసిక వైద్యుడిని అడగకుండా ఈ సాధన చేయకూడదు.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒక మాట గట్టిగా చెబుతాను. నొప్పిని పట్టించుకోకుండా ఉండటం నేర్చుకున్న తల్లి, పట్టించుకోవాల్సిన నొప్పిని కూడా ఓర్చుకుంటూ ఊరుకునే ప్రమాదం ఉంది. మామూలు నొప్పి అలలా వచ్చి, ఒక నిమిషం లోపో అటూ ఇటుగానో తగ్గి, మధ్యలో పూర్తిగా విడుస్తుంది. నొప్పికీ నొప్పికీ నడుమ కూడా పాత కుట్ల దగ్గర సలుపు ఆగకపోయినా, భుజం కొసలో నొప్పి వచ్చినా, రక్తస్రావం కనిపించినా, మూత్రంలో రక్తం పడినా, వస్తున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోయినా వెంటనే కళ్లు తెరిచి చెప్పండి. ఈ సంగతి మీ పక్కనుండేవారికీ నేర్పండి. చిట్లే ముందు చాలాసార్లు మొదట తేడా కనిపించేది బిడ్డ గుండె కొట్టుకునే తీరులోనే. కాబట్టి నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ గుండెను యంత్రంతో ఆపకుండా గమనించాలి. అది సాధనకు అడ్డమని తీసేయమనకండి.

ఇలాంటి కాన్పు ఇంట్లోగాని, ఆపరేషన్ థియేటర్ లేని చోటగాని వద్దు. రాత్రి వేళ కూడా మత్తు డాక్టర్, రక్తం అందుబాటులో ఉండే ఆసుపత్రినే ఎంచుకోండి. నొప్పి భరించలేకపోతే ఎపిడ్యూరల్ తీసుకోవచ్చు, పాత సిజేరియన్ దానికి అడ్డు కాదు, తీసుకుంటే సాధన విఫలమైనట్టూ కాదు. నెలలు నిండాక నొప్పులు రావాలని పెద్దవాళ్లు ఆముదం తాగిస్తానంటే వద్దనండి. మందులతో నొప్పులు తెప్పిస్తే చిట్లే ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతుంది కనుక, గడువు దాటితే ఏం చేయాలో 36వ వారంలోనే మీ డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి. బిడ్డ తల కిందికి తిరిగిందో లేదో కూడా అప్పుడే స్కానింగ్‌లో చూపించుకోండి.