టెక్ సందేహాలు: ఓడ ఆగేది ఒక్క సాయంత్రం... అమ్మతో పెనాంగ్ చూడొచ్చా?

ప్రశ్న: సింగపూర్‌లో ఉంటున్న మా తమ్ముడు అమ్మనీ నన్నూ క్రూజ్‌కి తీసుకెళ్తున్నాడు. పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్ రావాలి. పెనాంగ్‌లో ఓడ సాయంత్రం 4కి ఆగి రాత్రి 9కి బయల్దేరుతుందట. అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అక్కడి లిటిల్ ఇండియా, అమ్మవారి గుడి చూపించాలని ఉంది. ఓడ అందుకోలేమేమోనని టెన్షన్. ఫోన్‌లో ఏమేం పెట్టుకోవాలి? (ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: కొత్త యాప్‌ల సంగతి తర్వాత. ముందు ఓ వారం పాటు అమ్మగారు సాయంత్రం నడకకు వెళ్లేటప్పుడు ఆమె చేతిసంచిలో ఫోన్ పెట్టి పంపండి. ఎంత దూరం నడిచారో, ఎప్పుడు ఆగారో ఫోన్‌లోని హెల్త్ యాప్ చూపిస్తుంది. మా నాన్నగారు ఎప్పుడడిగినా ‘నేను నడుస్తాలేరా, ఆటో ఎందుకు’ అనేవారు. ఫోన్ తీసి చూస్తే రోజూ 600 మీటర్లు దాటాక పది నిమిషాలు కదలిక ఉండేది కాదు. ఎక్కడో అరుగు మీద కూర్చునేవారన్నమాట. అప్పట్నుంచి ఏ ఊరెళ్లినా ఆ 600 మీటర్లే నాకు కొలత.

పెనాంగ్‌లో మీకు కలిసొచ్చేదేంటంటే, ఓడ ఆగే స్వెట్టెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్ ఊళ్లోనే ఉంది. గేటు దాటిన కాసేపటికే 60 అడుగుల గడియార స్తంభం కనిపిస్తుంది. విక్టోరియా రాణి పాలన 60 ఏళ్లకు గుర్తుగా ఏడాదికో అడుగు చొప్పున కట్టారు. క్వీన్ స్ట్రీట్‌లోని శ్రీ మహామారియమ్మన్ గుడి అక్కడికి సుమారు కిలోమీటరు. 1833 నాటి గుడి. మ్యాప్‌లో చూస్తే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. కానీ మ్యాప్ చెప్పే నడక సమయం మోకాళ్లు బాగున్నవాళ్లకి. పైగా అక్కడి పాత దుకాణాల ముందున్న వసారాలు ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. మధ్యలో మెట్లు, అడ్డంగా బండ్లు. కాబట్టి గుడి దాకా కారులో వెళ్లి, దాని చుట్టూ ఉన్న లిటిల్ ఇండియా వీధుల్లో మాత్రమే నడిపించండి.

కారు కోసం అక్కడ అందరూ వాడేది గ్రాబ్ యాప్. దాన్ని ఇంటి దగ్గరే వేసుకుని, ఓటీపీతో ఖాతా తెరిచేయండి. రేవులో నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూసే పని ఉండదు. కార్డు ఇబ్బంది పెడితే నగదు ఇవ్వొచ్చు, కొన్ని రింగిట్లు దగ్గరుంచుకోండి. తిరిగొచ్చే చోటుగా రేవు పేరును ముందే సేవ్ చేసుకోండి. సాయంత్రం ట్రాఫిక్‌లో కారు దొరకడానికే పావుగంట పట్టొచ్చు.

ఇక నెట్. ఓడ ఎక్కగానే రెండు ఫోన్లూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేదంటే నడిసముద్రంలో ఓడ సొంత మొబైల్ నెట్‌వర్క్‌కి ఫోన్ తగులుకుంటుంది. మామూలు రోమింగ్ ప్యాక్‌లు చాలావరకు దానికి వర్తించవు, బిల్లు గుండె ఆగేలా వస్తుంది. పెనాంగ్‌లో దిగాక వాడుకోవడానికి డేటా ఈసిమ్ (కార్డు లేకుండా నేరుగా ఫోన్‌లోకే ఎక్కే సిమ్) తీసుకోండి. మీ ఫోన్‌కి ఆ సదుపాయం ఉందో లేదో *#06# కొట్టి చూడండి. ఈఐడీ నంబరు కనిపిస్తే సాధారణంగా ఉన్నట్టే. ఈసిమ్‌ని ఇంట్లో వైఫై మీదే ఎక్కించుకోండి. వాట్సాప్ మీ పాత నంబరుతోనే పనిచేస్తుంది.

గూగుల్ మ్యాప్స్‌లో జార్జ్‌టౌన్‌ని ఆఫ్‌లైన్‌లో దించుకోండి. ఇక్కడో మెలిక ఉంది. నెట్ లేనప్పుడు అది కారు దారి చెబుతుంది గానీ నడక దారి చెప్పదు. మీరెక్కడున్నారో చూపించే నీలి చుక్క మాత్రం కదులుతుంది. నడక దారి కూడా కావాలంటే ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఉచిత యాప్ వేసుకోండి.

అసలు టెన్షన్ పడాల్సింది టైమ్ గురించి. సింగపూర్, మలేషియా గడియారాలు ఒకటే, మనకంటే రెండున్నర గంటలు ముందు. ఫుకెట్ వాటికంటే గంట వెనక. ఓడ సింగపూర్ టైమ్‌లోనే నడుస్తుంటే, థాయ్ నెట్‌వర్క్ తగలగానే మీ ఫోన్ తనంతట తానే గంట వెనక్కి వెళ్తుంది. ఓడలో 8 అయితే మీ చేతిలో 7. ‘ఇంకా గంటుంది, ఇంకో కొట్టు చూద్దాం’ అనుకుంటే ఓడ దక్కదు. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ జోన్ ఆపేసి, ఓడ టైమ్ మీరే పెట్టుకోండి. అలారం బదులు టైమర్ వాడండి. టైమ్ జోన్ మారినా టైమర్‌కి ఆ గోల ఉండదు. ఓడ కదలడానికి అరగంట నుంచి గంట ముందే అందరూ ఎక్కేయాలి. ఆ గడువు 8 అనుకుందాం. 4:45కి గేటు దాటితే 2 గంటల 15 నిమిషాల టైమర్ పెట్టండి. అది మోగగానే ఎక్కడున్నా కారు పిలవడమే. రోజూ ఇచ్చే కార్యక్రమ పత్రంలో గడువూ, రేవు ఏజెంటు ఫోన్ నంబరూ ఉంటాయి. దాన్ని ఫొటో తీసి అమ్మగారి ఫోన్‌లోనూ పెట్టండి.

మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు (ఆ దేశానికి వచ్చేవారు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) విషయం క్రూజ్ కంపెనీని అడగండి. కావాలంటే చేరడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి, పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, పాస్‌పోర్టు వివరాలు ఇవ్వకండి.

ప్రశ్న: సింగపూర్ విమానంలో 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ తీసుకెళ్లొచ్చా? (ఇదే పాఠకురాలు)

జవాబు: తీసుకెళ్లొచ్చు. విమానాల్లో బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్ అవర్లలో కొలుస్తారు. అది సుమారు 74 వాట్ అవర్లు, సాధారణ పరిమితి 100. చెకిన్ సూట్‌కేసులో మాత్రం వేయకండి, చేతి సంచిలోనే ఉండాలి. రేవులో దిగే సాయంత్రం అంత బరువు మోయక్కర్లేదు, 5,000ది చాలు. ఆ మిగిలిన చోట్లో అమ్మగారి మందుల డబ్బా, నీళ్ల సీసా పడతాయి.