అత్త పాత్ర తీసేశానని అమ్మ మాట్లాడటం లేదు

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది తెనాలి, ఉద్యోగం హైదరాబాద్‌లో. శని, ఆదివారాల్లో స్నేహితులతో కలిసి షార్ట్ ఫిల్ములు తీస్తుంటాను. అమ్మ తన పెళ్లికి ముందు వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ఒక నవలను పేజీలు కత్తిరించి బైండు చేయించి దాచుకుంది. చిన్నప్పుడు నాకు అన్నం తినిపిస్తూ ఆ కథే చెప్పేది. ఏడాదిపాటు కూర్చుని దాన్ని 50 నిమిషాల సినిమాకు స్క్రిప్టుగా రాశాను. కథకు అడ్డం వస్తోందని మేనత్త పాత్ర తీసేశాను, ముగింపు మార్చాను. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మ అది చదివి ‘ఇది ఆ నవల కాదు’ అని లేచి వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఫోన్ చేస్తే నాన్న చేతికిచ్చేస్తోంది. నా గొలుసు, గాజులు తాకట్టు పెట్టి, ఆరు నెలలు ఉద్యోగం మానేసి సినిమా పూర్తి చేస్తానన్నందుకు నాన్నకూ కోపమే. రచయిత్రి పోయి 12 ఏళ్లయింది, కూతురు విశాఖలో ఉంటారట. యూట్యూబ్‌లో ఊరికే పెట్టేదానికి అనుమతి ఎందుకంటున్నాడు మా కెమెరా చూసే అబ్బాయి. వచ్చే శనివారం రేపల్లె దగ్గర ఒక పెంకుటింట్లో షూటింగ్. నవల మీద గౌరవంతోనే చేస్తున్నానని అమ్మకు ఎలా చెప్పాలి? అమ్మను పెంచింది వాళ్ల మేనత్తే, అందుకే కాస్త సెంటిమెంట్ ఎక్కువ.

జవాబు: చిన్నదానివి, నువ్వు అనే రాస్తున్నాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అసలు సంగతి ఆఖరి వాక్యంలో ఉంది. అన్నీ చెప్పి, చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర అన్నట్టు ఆ ముక్క రాశావు. మీ అమ్మను మేనత్త పెంచింది. నువ్వు కథకు అడ్డమని తీసేసింది మేనత్తను. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నావా?

మీ అమ్మకు సినిమా తీయడం తెలియక కోపం వచ్చిందని నేననుకోను. ఆ సీరియళ్ల రోజులు నాకు తెలుసు. మా వీధిలో ఒక్క పత్రిక నాలుగిళ్లు తిరిగేది. మా ఇంటికి వచ్చేసరికి ఒక్కోసారి సీరియల్ పేజీలే ఉండేవి కావు, ఎవరో కత్తిరించేసేవారు. ఆ వారం కథ పక్కింటి పిన్ని చెబితే వినడమే. (ఆ కత్తిరించేది ఎవరో ఇప్పుడు అర్థమైంది, మీ అమ్మలాంటి వాళ్లే!) అలా వారం వారం ఎదురుచూసి చదివిన ఆడపిల్లకు అందులో హీరోయిన్ ఒక్కత్తే కనిపించదు. తన ఇల్లు, తన వాళ్లు కూడా ఎక్కడో ఒక మూల కనిపిస్తారు. మీ అమ్మకు ఎవరు కనిపించారో నీకు తెలియదు, ఎందుకంటే నువ్వు అడగలేదు. రాయడానికి ఏడాది పట్టిందన్నావు. ఆ ఏడాదిలో ‘అమ్మా, ఈ కథ ఎందుకంత ఇష్టం నీకు?’ అని ఒక్క పూట కూర్చుని అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

విశాఖలో ఉన్న ఆవిడనూ అడగలేదు. వద్దంటారేమోనన్న భయం రెండు చోట్లా ఉంది. ‘గౌరవం’ అనే మాట ఆ భయాన్ని కప్పుకోవడానికి బాగానే పనికొస్తోంది.

కెమెరా అబ్బాయి మాట తప్పు. మన దేశంలో రచన మీద హక్కు రచయిత బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. అందులో 12 ఏళ్లే గడిచాయి. డబ్బు రాకపోయినా, ఉచితంగా పెట్టినా, ‘ఫలానా నవల ఆధారంగా’ అని టైటిల్స్‌లో వేసినా అది అనుమతి కింద లెక్క కాదు. ఒట్టి ఆలోచన ఎవరి సొత్తూ కాదని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. కానీ నువ్వు తీసుకున్నది ఆలోచన ఒక్కటే కాదు కదా, పాత్రలు, సంఘటనలు, వాటి వరస కూడా. పుస్తకం వేసిన ప్రచురణకర్త సరేనన్నా సరిపోకపోవచ్చు, సినిమా హక్కు వేరేగా ఉంటుంది. అది అప్పట్లోనే ఏ నిర్మాతకైనా అమ్మేశారేమో కూడా రచయిత్రి కూతురినే అడగాలి. ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకో: ఎన్నాళ్లకు, ఏ భాషలో, ఫెస్టివల్స్‌కు మాత్రమేనా యూట్యూబ్‌కు కూడానా. గడువు రాసుకోకపోతే చట్టం 5 ఏళ్లనే లెక్క వేస్తుంది. ముగింపు మార్చిన సంగతి ముందే చెప్పు. సినిమా చూశాక తెలిస్తే ఆవిడా మీ అమ్మలాగే లేచి వెళ్లిపోతారు, కాకపోతే లాయరు దగ్గరికి.

నగల సంగతి. బెంగాలీ దర్శకుడు సత్యజిత్ రాయ్ కూడా భార్య నగలు తాకట్టు పెట్టి ‘పథేర్ పాంచాలి’ నవలను సినిమాగా తీశాడు కదా అని నీకెవరైనా చెప్పే ఉంటారు. సినిమా పిచ్చి ఉన్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, పెట్టాడు. మిగతా కథ మాత్రం ఎవరూ చెప్పరు. ఆయన ప్రకటనల కంపెనీలో ఉద్యోగం వదల్లేదు. ఆదివారాలు షూటింగ్ చేసుకునేవాడు. మొదట్లో ఒక ఆదివారం రెల్లు పూల మధ్య కొంత తీసి, మళ్లీ ఆదివారం వెళ్లేసరికి ఆ పూలన్నీ పశువులు మేసేశాయి. మళ్లీ పూసేదాకా ఏడాది ఆగాడు. 1952లో మొదలైన సినిమా 1955లో విడుదలైంది. అప్పటికే రచయిత పోయారు కాబట్టి ఆయన భార్య దగ్గర అనుమతి తీసుకున్నాడు. కాబట్టి ఉద్యోగం మానకు. గొలుసు బీరువాలోనే ఉండనీ. చేతిలో ఉన్న డబ్బుతో ఎంతవుతుందో అంతే తీయి. ఈ విషయంలో మీ నాన్న పక్షమే నేను.

రాయ్ నవల మొత్తం తీయలేదు కూడా. చాలా పాత్రలు వదిలేశాడు, చివరి భాగం ఈ సినిమాలో ముట్టుకోలేదు. అయితే ఆ కథలోని ఇంట్లో ఇందిర్ అనే ముసలావిడ ఉంటుంది. నవలలో ఆవిడ తొందరగానే పోతుంది. రాయ్ మాత్రం ఆవిణ్ణి సినిమాలో ఇంకా చాలాసేపు బతికించుకున్నాడు. చూసినవాళ్లు ఇప్పటికీ మరచిపోనిది ఆవిడ బోసినవ్వే. అడ్డమనుకున్న మనిషి మీదే ఒక్కోసారి ఇల్లంతా నిలబడుతుంది. అలాగని మేనత్తను వెనక్కి తెచ్చి తీరాలని నేననను. సినిమా నీది. తీసేయాల్సిందే అనిపిస్తే తీసేయి. కానీ ఎవరిని తీసేస్తున్నావో తెలుసుకుని తీసేయి.

ఫోన్‌లో తేలే పని కాదు ఇది, తెనాలి వెళ్లు. స్క్రిప్టు తీసుకెళ్లకు. ఆ బైండు పుస్తకం అమ్మ చేతిలో పెట్టి, అత్త వచ్చే చోట ఒకటి చదివి వినిపించమను. మొదట వద్దంటుంది. వంటింట్లో పనుందంటుంది. నువ్వూ వంటింట్లోకే వెళ్లి కూర్చో. చదివాక, వాళ్ల మేనత్త గురించి అడుగు. మధ్యలో స్క్రిప్టు ప్రస్తావన తేకు, ‘సెంటిమెంట్’ అనే మాట అసలు వాడకు.

విశాఖకు ఉత్తరం ఈ రాత్రే రాయి. మెయిల్ కన్నా కాగితం మీద రాస్తేనే బాగుంటుందని నాకనిపిస్తుంది, ఆ నవల మీ ఇంట్లో ఎలా ఉందో కూడా నాలుగు ముక్కలు రాయి. కాదంటే కాదన్నట్టే, ఇంకో కథ చూసుకోవాలి. జవాబు వచ్చేదాకా శనివారం షూటింగ్ ఆపు. ఆ పెంకుటింటి వాళ్లకు మాత్రం రేపు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పు, మీ కోసం ఇల్లు సర్దుకుని, పనులు మానుకుని కూర్చుంటారు పాపం.